దిగ్భ్రాంతి ధ్రువపత్రం

ఊటగెడ్డ ఉన్నత పాఠశాలలో నేను తెలుగు చెప్పేవాణ్ని, తారిణి రావు లెక్కలు చెప్పేవాడు. మిగిలిన సబ్జెక్టులన్నీ హెడ్మాస్టరు గారే వంతులవారీగా లాక్కొచ్చేవారు. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అక్కడికి బదిలీ మీద వచ్చిన ప్రతివాళ్లూ ఉప్పుగాలి పడటం లేదని డాక్టరు చీటీ తెచ్చుకుని రెండు నెలల్లో వెళ్లిపోయేవారు. మా ఇద్దరికీ ఆ చీటీ సంపాదించడం చేతకాలేదు. అలా తొమ్మిదేళ్లు ఉండిపోయాం.

జులైలో మాకొక ఉత్తర్వు వచ్చింది. జిల్లాలో ఉపాధ్యాయుల కొరత ఉన్న పల్లెల్లో పాఠాలు చెప్పడానికి విదేశాల నుంచి యువ స్వచ్ఛంద సేవకులు వస్తున్నారనీ, వాళ్లను పల్లెలకు పంపే ముందు మన జీవన విధానం గురించి పరిచయ శిక్షణ ఇవ్వాలనీ, ఆ శిక్షణ ఇవ్వడానికి అటువంటి పల్లెల్లో బాగా అనుభవం ఉన్న ఉపాధ్యాయులే తగినవారనీ అందులో రాసి ఉంది. అనుభవం ఉన్నవాళ్ల కోసం వెతికితే జిల్లా మొత్తం మీద మేమిద్దరమే దొరికామట.

హెడ్మాస్టరు గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివారు.

"మీ ఇద్దర్నీ తీసుకుపోతే ఇక్కడ కొరత వస్తుంది కదయ్యా" అన్నారు.

"కొరత వస్తేనే కదండీ సేవకుల్ని పంపేది" అన్నాడు తారిణి రావు. అతను లెక్కల మనిషి. ఏ విషయమైనా అడుగు తర్వాత అడుగు వేసుకుంటూ చెబుతాడు.

శిక్షణ ఆరు వారాలు. పదో తరగతిలో ఇరవై ముగ్గురు పిల్లలు. ఆరు వారాల్లో వచ్చేస్తామని వాళ్లకు చెప్పి బస్సెక్కాం.

పరిచయ శిక్షణ కేంద్రం ఊటగెడ్డకు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో, హైవే పక్కన, ఒకప్పటి ఉద్యానశాఖ నర్సరీలో ఉంది. డైరెక్టరు ఉప్పులూరి చక్రపాణి గారు కూడా ఆ శాఖ నుంచే వచ్చారు. నర్సరీతో పాటు ఆయన కూడా చేతులు మారారని కొందరు అనేవారు గానీ, అది నిజం కాదు. ఆయన స్వయంగా కోరుకుని వచ్చారు. విదేశీ యువత, పల్లెటూళ్లు, వాటి మధ్య ఏర్పడే మానసిక ఘర్షణ అనే విషయం మీద నాలుగు వందల పన్నెండు పేజీల మార్గదర్శిని కూడా రాశారు.

"పంతులు గారూ, కుండీలో మొక్కను ఎండకూ గాలికీ గట్టిపరచకుండా తోటలో నాటుతామా? నాటము. మనిషీ అంతే" అన్నారు మొదటి రోజు. "పరాయి దేశంలో అడుగుపెట్టిన వ్యక్తి నాలుగు దశల గుండా విధిగా ప్రయాణించవలసి ఉంటుంది. ఒకటి, ముచ్చట దశ. రెండు, దిగ్భ్రాంతి దశ. మూడు, కోలుకొను దశ. నాలుగు, కలిసిపోవు దశ. ఈ నాలుగూ మన పర్యవేక్షణలో, మన ఆవరణలో పూర్తి కావాలి. తదుపరి ధ్రువపత్రం. ధ్రువపత్రం తదుపరి క్షేత్రం."

"మధ్యలో ఒక దశ రాకపోతేనండి?" అని అడిగాడు తారిణి రావు.

డైరెక్టరు గారు నవ్వారు. "దిగ్భ్రాంతి చెందని విదేశీయుడు ఇంతవరకు శాస్త్రంలో నమోదు కాలేదు" అన్నారు.

ఆగస్టులో సేవకులు దిగారు. పదిమంది రావలసి ఉండగా ఇద్దరు వచ్చారు. అయినా డైరెక్టరు గారు వాళ్లను బ్యాచ్ అనే అనేవారు. ఒకడు హెన్రిక్, డెన్మార్క్ కుర్రవాడు, ఇరవై రెండేళ్లు, గుమ్మం దాటినప్పుడల్లా తల వంచవలసినంత పొడుగు. రెండో ఆమె పేరు అకీనీ. కెన్యాలో విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న ఊరు వాళ్లది. లెక్కల్లో డిగ్రీ చదివింది. తండ్రికి రెండు పడవలున్నాయని, ఇంట్లో ఆరుగురు పిల్లల్లో తాను రెండోదాన్నని మొదటి రోజే చెప్పింది.

హెన్రిక్‌తో ఏ ఇబ్బందీ రాలేదు. స్టేషను నుంచి కేంద్రానికి వచ్చే దారిలో ఒక ఆటోలోంచి పదకొండు మంది, ఒక మేక దిగడం చూసి అతను అక్కడికక్కడే రెండో దశలోకి వెళ్లిపోయాడు. మూడు రోజులు అన్నం తినలేదు. అమ్మతో ఫోనులో మాట్లాడి ఏడ్చాడు. తర్వాత నెమ్మదిగా కోలుకుని అరటిపళ్లతో మొదలుపెట్టి అన్నంలోకి వచ్చాడు. ఆరో వారానికి ఆవకాయ అడిగాడు. మార్గదర్శినిలో ఎలా ఉందో అలాగే జరిగింది. డైరెక్టరు గారు అతనికి ధ్రువపత్రం ఇచ్చి ఫోటో దిగారు.

అకీనీతోనే చిక్కు వచ్చింది. ఆమెకు ఏమీ కాలేదు.

మొదట కరెంటు తీసి చూశారు. మిట్టమధ్యాహ్నం తరగతి జరుగుతుండగా, దిగ్భ్రాంతి షెడ్యూలు ప్రకారం, ఆఫీసు గుమాస్తా వెళ్లి మెయిన్ ఆపేశాడు. ఫ్యాన్లు ఆగాయి. హెన్రిక్ కాలరు బొత్తాము విప్పుకున్నాడు. అకీనీ లేచి కిటికీ తలుపులు బార్లా తెరిచి, కుర్చీ గాలివాటుకు జరుపుకుని, "చెప్పండి సార్, విభక్తుల దగ్గర ఆపారు" అంది.

"నీకు కష్టంగా లేదా అమ్మా?" అని డైరెక్టరు గారు గుమ్మంలోంచి అడిగారు.

"మా ఊళ్లో పొద్దున్న పోతే మర్నాడు వస్తుంది సార్. ఇది ఇప్పుడే పోయింది కదా" అంది.

తర్వాత చూపుల పరీక్ష. పరాయి మనిషిని మనవాళ్లు కళ్లార్పకుండా చూస్తారు కాబట్టి దానికి అలవాటు చేయాలి. నలుగురు అటెండర్లు ఆమె చుట్టూ నిలబడి అరగంట సేపు చూడాలని ఆదేశం. పది నిమిషాలకు వాళ్లకే సిగ్గేసింది. అకీనీ ఒక్కొక్కరి పేరు అడిగింది. సాయంత్రానికి ఏ అటెండరుకు ఎంతమంది పిల్లలో, ఎవరి భార్యకు మోకాళ్ల నొప్పులో ఆమెకు తెలుసు. నేను ఆ కేంద్రంలో రెండు నెలలుగా ఉన్నాను, నాకు తెలియదు.

ఆ తర్వాత ప్రశ్నల పరీక్ష. ఆ బాధ్యత తారిణి రావుకు పడింది. ఆటో నడిపేవాడి పాత్రలో, ఇంజను లేని ఆటోలో కూర్చుని, పెళ్లయిందా, ఎందుకు కాలేదు, ఎవరైనా ఉన్నారా, మీవాళ్లు ఏ కులంవాళ్లు అని వరసగా అడగాలి. కాగితంలో రాసిచ్చినవి చదవడానికి అతను తడబడ్డాడు. అకీనీ మాత్రం ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పింది.

"మా మేనత్తలు మంచినీళ్లు ఇవ్వకముందే ఇవన్నీ అడుగుతారు. మీరు ఇంకా మా తాత పేరు అడగలేదు" అంది.

తారిణి రావు నా దగ్గరికొచ్చి చెప్పాడు. "మేస్టారూ, ఆ పిల్ల ముందు నాకే సిగ్గుగా ఉందండి. పదో తరగతికి త్రికోణమితి మొదలెట్టే రోజులివి. నాను ఇక్కడ ఇంజను లేని ఆటోలో కూకుని ఆడపిల్లని పెళ్లెందుకు కాలేదని అడుగుతున్నాను."

చివరికి ఎండుచేప ప్రయోగించారు. భోజనాల గదిలో మెత్తళ్లు వేయించమని వంటామె అప్పలనర్సమ్మకు చెప్పారు. ఆ వాసనకు హెన్రిక్ రెండో దశలోకి మళ్లీ పడిపోతాడేమోనని అతన్ని ముందుగానే మేడ మీదికి పంపించారు. అకీనీ వాసన పట్టుకుని తిన్నగా వంటింట్లోకి వెళ్లింది. మూకుడులోకి తొంగి చూసింది. డైరెక్టరు గారు పెన్ను తీశారు.

"ఒమెనా" అంది అకీనీ. "మా సరస్సులో ఇవే. మా అమ్మ ఉల్లిపాయా టమాటా వేసి వండుతుంది."

"ఉల్లిపాయుంది, టమాటా ఉంది. ఎలగొండుతాదో సూపించు మరి" అంది అప్పలనర్సమ్మ.

ఆ రోజు నుంచి అకీనీ ఖాళీ ఉన్నప్పుడల్లా వంటింట్లోనే ఉండేది. నేను డైరెక్టరు గారి పుస్తకంలోంచి తెలుగు నేర్పేవాణ్ని. "అయ్యా, సమీపమునందలి బస్సు నిలయమునకు మార్గమును సూచింపగలరా?" అనేది అందులో మూడో పాఠం. అకీనీ అది కంఠస్థం చేసి, హైవే మీద అడిగితే ఒక ముసలాయన చెయ్యెత్తి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. వంటింట్లో "బస్టాండెటేపు బాబూ" అని నేర్చుకున్నాక ఆమెకు దారి తెలిసింది.

ఆరు వారాలు అయిపోయాయి. హెన్రిక్‌నైనా పంపిద్దామని నేను అడిగాను.

"బ్యాచ్‌ని విభజించడానికి నియమావళి అంగీకరించదు" అన్నారు డైరెక్టరు గారు. "అందరూ కలిసిపోయిన తర్వాతే అందరూ కలిసి పోవాలి."

"పిల్లలకి పాఠాలు పోతున్నాయండీ."

"పంతులు గారూ, దిగ్భ్రాంతి పొందని వ్యక్తిని క్షేత్రానికి పంపిస్తే, అక్కడికి వెళ్లాక దిగ్భ్రాంతి చెందితే బాధ్యులెవరు? నేనా, మీరా?"

అక్టోబరులో రాజధాని నుంచి నిపుణుణ్ని పిలిపించారు. ఆయన అకీనీని రెండు గంటలు ప్రశ్నలడిగి, నాడి చూసి, ఆమె వండిన మెత్తళ్లు తిని, నివేదిక రాశారు. ఈమెకు దిగ్భ్రాంతి లేకపోవడం కాదు, ఉండవలసిన దానికన్నా లోతుగా ఉండి పైకి కనిపించడం లేదు, దీన్ని గుప్త దిగ్భ్రాంతి అంటారు, ఇది మామూలు దానికన్నా ప్రమాదకరం, శిక్షణ పొడిగించవలసింది.

పొడిగించారు. దానితో పాటు మా డిప్యుటేషనూ పొడిగించారు.

ఇంత సాధారణ ఏర్పాట్లతో లోతుగా ఉన్నది బయటికి రాదని డైరెక్టరు గారికి అనిపించింది. కేంద్రం వెనక ఉన్న ఖాళీ స్థలంలో నమూనా గ్రామం కట్టించడం మొదలుపెట్టారు. రెండు తాటాకు పాకలు, ఒక టీ బడ్డీ, ఒక కుళాయి, దాని చుట్టూ బిందెలు. గేదె కోసం పశుసంవర్ధక శాఖకు రాస్తే వాళ్లు గేదెల మీద గోడపత్రిక పంపారు. దాన్ని పాక పక్కన అతికించారు. జనవరి నాటికి నమూనా బడి కూడా తయారైంది. నల్లబల్ల, నాలుగు బెంచీలు, గంట. పిల్లలుగా కూర్చోవడానికి ఇద్దరు గుమాస్తాలను, డ్రైవరును, వాచ్‌మన్‌ను, ఇద్దరు అటెండర్లను నియమించారు. అల్లరి చెయ్యాలని డ్రైవరుకు ప్రత్యేకంగా రాసిచ్చారు. ఉపాధ్యాయుడిగా తారిణి రావు.

జనవరి ఆఖరి వారంలో ఒక ఉదయం నమూనా బడి ప్రారంభమైంది. డైరెక్టరు గారు వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తారిణి రావు భిన్నాలు మొదలుపెట్టాడు. మొక్కుబడిగా చెబుదామనుకున్నాడు గానీ ఆరు నెలల తర్వాత చేతిలో సుద్దముక్క పడేసరికి మనిషి మారిపోయాడు. చెమటలు కారుతుండగా బోర్డు నిండా గీతలు గీసి, గదంతా తిరిగి చెప్పాడు. డ్రైవరు అల్లరి చెయ్యడం మర్చిపోయి వింటూ ఉండిపోయాడు. పెద్ద గుమాస్తా చెయ్యెత్తి, "ఇది చిన్నప్పుడు నాకెవరూ ఇలా చెప్పలేదండీ" అన్నాడు.

పాఠం అయ్యాక అకీనీ బోర్డు దగ్గరికి వెళ్లింది. తర్వాత ఆమె చెప్పాలి. సుద్దముక్క తీసుకుని ఆగింది.

"ఇంత బాగా చెబుతారు. అసలు మీరు ఏ బడి మాస్టారు?" అని తారిణి రావుని అడిగింది.

అతను నా వైపు చూశాడు. నేను గేదె గోడపత్రిక వైపు చూశాను. అప్పుడే అప్పలనర్సమ్మ టీ కెటిలు పట్టుకుని వచ్చింది. ఆమెది ఊటగెడ్డ. ఆమె మనవరాలు రోహిణి మా పదో తరగతిలోనే ఉంది.

"ఊటగెడ్డ బడమ్మా. ఆయనా, ఈ తెలుగు మేస్టారూను" అంది గ్లాసులు సర్దుతూ. "మా గుంట ఆయన దగ్గిరే లెక్కలు నేర్సుకున్నాది. ఇప్పుడు సెప్పినోల్లు నేక పుస్తకం మూసీసింది."

"ఊటగెడ్డ అంటే మేము వెళ్లవలసిన ఊరు కదా?"

"ఆఁ. అదే."

"అక్కడ లెక్కలకు మాస్టారు లేరు, అందుకే నేను వెళ్లాలని కాగితంలో ఉంది."

"నేరు కదమ్మా మరి. ఈయన్ని ఇక్కడికి ఒట్టుకొచ్చీసినారు కదా. నీకోసరమే."

అకీనీ మా ఇద్దర్నీ, డైరెక్టరు గారినీ ఒకరి తర్వాత ఒకర్ని చూసింది. తర్వాత బెంచీల మీద కూర్చున్న వాచ్‌మన్‌ని, డ్రైవరుని, గుమాస్తాలని చూసింది. సుద్దముక్క బల్ల మీద పెట్టి, వెళ్లి ముందు బెంచీలో కూర్చుంది. మొహం పాలిపోయింది. టీ ఇస్తే తీసుకోలేదు. నేను పిలిస్తే పలకలేదు.

"పదకొండూ ఇరవై" అన్నారు డైరెక్టరు గారు వాచీ చూసుకుంటూ. "నమోదు చేయండి. పదకొండూ ఇరవైకి ప్రవేశం."

అకీనీ తారిణి రావు వైపు తిరిగింది. "ఆ పిల్లలు ఎంతమంది?"

"ఇరవై ముగ్గురు" అన్నాడు తారిణి రావు.

"పరీక్షలు ఎప్పుడు?"

"ఏడు వారాలుంది."

"నేను ఇంటికి వెళ్లిపోతాను" అంది ఆమె.

డైరెక్టరు గారు మార్గదర్శిని తిరగేసి ఒక పేజీ మీద వేలు పెట్టి నాకు చూపించారు. భోజన నిరాసక్తత, మౌనం, స్వదేశ గమనేచ్ఛ. మూడూ వచ్చాయి. ఆయన ఆమె దగ్గరికి వెళ్లి ఎంతో ఆప్యాయంగా, "అభినందనలు తల్లీ. ఇక పద్నాలుగు రోజులు విశ్రాంతి. కోలుకొను దశలో ఎవరితోనూ మాట్లాడరాదు, ఎండలోకి రాకూడదు. తర్వాత నెలన్నర కలిసిపోవు దశ. మార్చి ఆఖరుకి ధ్రువపత్రం" అన్నారు.

మార్చి ఆఖరుకి పరీక్షలు అయిపోతాయని ఎవరూ ఆయనకు చెప్పలేదు. చెప్పినా అది ఆయన శాఖ కాదు.

మర్నాడు ఉదయం అకీనీ గది ఖాళీగా ఉంది. ఆరున్నర బస్సుకి అప్పలనర్సమ్మతో కలిసి ఊటగెడ్డ వెళ్లిపోయిందని వాచ్‌మన్ చెప్పాడు. ధ్రువపత్రం లేకుండా, అదీ కోలుకొను దశలో, ఒక సేవకురాలు క్షేత్రంలోకి వెళ్లడం కేంద్రం చరిత్రలో అదే మొదటిసారి. కేంద్రం చరిత్ర అప్పటికి ఆరు నెలలది. డైరెక్టరు గారు రెండు గ్లాసుల మజ్జిగ తాగి నన్ను పిలిచారు.

"పంతులు గారూ, తక్షణం బయలుదేరి ఆమెను ఒప్పించి తీసుకురండి. బలవంతం వద్దు. ఒప్పించడమే మన విధానం. ఒప్పించే ప్రయత్నం ఏ రోజుకారోజు నివేదించండి."

ఆరు నెలల తర్వాత నా బడి మెట్లెక్కాను. పదో తరగతి గది తలుపు తెరిచి ఉంది. అకీనీ బోర్డు మీద రెండు త్రిభుజాలు గీసి, మా అప్పలనర్సమ్మ తెలుగులో పాఠం చెబుతోంది.

"ఇదీ ఇదీ ఒకటేనేటి? కాదు. పెద్దదీ సిన్నదీను. కానీ సూడండి, మూలలన్నీ ఒకటే. అలగైతే ఏటౌతాది?"

పిల్లలు ఏటౌతుందో ముక్తకంఠంతో చెప్పారు. వాళ్ల భాషలో లెక్కలు చెప్పినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. తారిణి రావు కూడా బోర్డు ముందు నిలబడితే పుస్తకంలోలాగే మాట్లాడేవాడు.

నన్ను చూసి గది మొత్తం లేచి నిలబడింది. "మేస్టారొచ్చీసినారు" అన్నారెవరో. రోహిణి తెలుగు వాచకం తెచ్చి నా చేతిలో పెట్టింది. జులైలో నేను ఆపిన పేజీలో కొబ్బరాకు ఈనె పెట్టి ఉంది. అది ఆరు నెలలుగా అక్కడే ఉంది.

"నేను ఆమెను తీసుకెళ్లడానికి వచ్చాను" అన్నాను.

"ఆవిడ పీరియడ్ అయిపోయినాక తీసుకెల్లండి సార్. ఇప్పుడు మీది సెప్పండి" అంది రోహిణి.

ఆ పేజీ చెప్పాను. తర్వాత పేజీ కూడా చెప్పాను. సాయంత్రం నాలుగున్నరకు గంట కొట్టాక, వరండాలో కూర్చుని నివేదిక రాశాను. 'ఒప్పించే ప్రయత్నం జరుగుతోంది. రేపు కూడా కొనసాగించవలసి ఉంది.' అందులో అబద్ధం లేదు. అకీనీని నిజంగానే అడిగాను.

"ఏమన్నారు మీ డైరెక్టరు?" అని ఆమె నవ్వింది. "నేను పద్నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడకూడదట కదా. మీతో ఏం మాట్లాడను? ఇంటికి పోయే సంగతి ఈ పరీక్షలయ్యాక చూస్తాను."

నాలుగు రోజులు నేను తిరిగి రాకపోయేసరికి డైరెక్టరు గారు మమ్మల్నిద్దర్నీ తీసుకురావడానికి తారిణి రావుని పంపారు. అతను బస్సు దిగి సంచీ కూడా కింద పెట్టకుండా పదో తరగతిలోకి వెళ్లిపోయాడు. అకీనీ రేఖాగణితం ఉంచుకుని బీజగణితం అతనికి ఇచ్చేసింది. అతని నివేదిక నా నివేదిక కన్నా పద్ధతిగా ఉండేది. 'ఒప్పించవలసినవారు ఇద్దరు. ఒక్కొక్కరికి రోజుకు రెండు ప్రయత్నాలు. మొత్తం నాలుగు. ఫలితం శూన్యం.'

వారం తర్వాత మా ముగ్గుర్నీ తీసుకురావడానికి హెన్రిక్ వచ్చాడు. అతని దగ్గర ధ్రువపత్రం ఉంది కాబట్టి అతని మాట మేము వింటామని డైరెక్టరు గారి ఆలోచన. హెన్రిక్ వచ్చి, హెడ్మాస్టరు గారు చెప్పే ఇంగ్లీషు పీరియడ్లు తాను చెప్పడం మొదలుపెట్టాడు. గది గుమ్మానికి తల కొట్టుకోకుండా లోపలికి వస్తాడా రాడా అని పిల్లలు రోజూ ఎదురుచూసేవారు. సాయంత్రాలు ఇసుకలో వాలీబాల్ ఆడించేవాడు. ఆటోలో పదమూడో మనిషిగా ఎక్కి సంతకు వెళ్లొచ్చాడు. మేక కూడా ఉందని మాకు గర్వంగా చెప్పాడు.

డైరెక్టరు గారు కూడా వస్తారని మేం భయపడ్డాం. ఆయన రాలేదు. ఆయన పర్యటనకు అనుమతి పై ఆఫీసు నుంచి రావాలి. అదీగాక నమూనా గ్రామం చూడటానికి వేరే జిల్లాల నుంచి అధికారులు రావడం మొదలుపెట్టారు. వాచ్‌మనూ గుమాస్తాలూ బెంచీల్లో కూర్చుని ఎక్కాలు చెబుతుంటే చూసి, అందరూ మెచ్చుకుని వెళ్లేవారట. మా నివేదికల కట్ట ప్రతివారం పైకి వెళ్లేది. క్షేత్రస్థాయిలో ఇన్ని ప్రయత్నాలు చేసిన కేంద్రం రాష్ట్రంలో మరొకటి లేదని ఒక ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

ఆ ఏడు వారాలు ఎలా గడిచాయో చెప్పలేను. పొద్దున్న ఎనిమిదింటికి మొదలైతే దీపాల వేళ దాకా బడిలోనే. చేపల వేట లేని రోజున తండ్రులు కూడా వచ్చి అరుగు మీద కూర్చునేవారు. అకీనీ వాళ్లతో వలల గురించి మాట్లాడేది. రోహిణి మొదట్లో లెక్కల పుస్తకం తెరవడానికి ఒప్పుకోలేదు. ఆరు నెలలు ఎవరూ పట్టించుకోని దాన్ని ఇప్పుడెందుకు పట్టించుకోవాలని దాని కోపం. అకీనీ దాని పక్కనే బెంచీలో కూర్చుని, తాను పన్నెండేళ్లప్పుడు తమ ఊరి బడికి కూడా ఏడాదిన్నర పాటు లెక్కల మాస్టారు లేడని, పడవలో కూర్చుని అన్నయ్య పాత పుస్తకంలోంచి ఒంటరిగా నేర్చుకున్నానని చెప్పింది. ఆ మాట మాతో ఎప్పుడూ అనలేదు.

"నువ్వొక్కదానివే నేర్సుకున్నావు గదా. మరి నాకాడికెందుకొచ్చినావు?" అని రోహిణి అడిగింది.

"ఒక్కద్దాన్నీ నేర్సుకున్నాను కాబట్టే" అంది అకీనీ. రోహిణి పుస్తకం తెరిచింది.

పరీక్షలు జరిగాయి. ఫలితాలు వచ్చాయి. ఇరవై ముగ్గురిలో ఇరవై ఒక్కమంది పాసయ్యారు. రోహిణికి లెక్కల్లో డెబ్భై ఎనిమిది. తప్పిన ఇద్దర్నీ మళ్లీ కూర్చోబెట్టి, వేసవంతా చదివించి, సప్లిమెంటరీలో గట్టెక్కించాం. ఫలితాలు వచ్చిన రోజు అప్పలనర్సమ్మ కేంద్రానికి వంటకు వెళ్లలేదు. ఊరంతటికీ తనే పాయసం వండింది.

జూన్‌లో బడి తెరిచిన వారానికి హెడ్మాస్టరు గారికి రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన అలవాటు ప్రకారం మూడుసార్లు చదివి మాకు ఇచ్చారు. రికార్డుల ప్రకారం ఊటగెడ్డ ఉన్నత పాఠశాలలో గత ఏడాది తెలుగుకు గానీ, లెక్కలకు గానీ, ఇంగ్లీషుకు గానీ ఉపాధ్యాయులు లేరు. ఇద్దరు డిప్యుటేషన్ మీద ఉన్నారు. సేవకులు ఇంకా శిక్షణలో ఉన్నారు. అయినా జిల్లాలో మూడో స్థానం వచ్చింది. ఉపాధ్యాయులు లేకుండా ఇంత మంచి ఫలితాలు ఎలా సాధ్యమో పరిశీలించి, ఆ పద్ధతిని మిగిలిన పాఠశాలలకు విస్తరింపజేయడానికి ఒక అధ్యయన బృందం వస్తోంది.

"ఇప్పుడు ఏం చెయ్యాలయ్యా?" అన్నారు హెడ్మాస్టరు గారు.

"ఉన్నది ఉన్నట్టు చెబుదామండి" అన్నాడు తారిణి రావు.

బృందంలో ముగ్గురు. పెద్దాయన తెల్ల చొక్కా, చేతిలో తోలు ఫైలు. మేం నలుగురం గది వెనక గోడ దగ్గర నిలబడ్డాం. పాసైన పిల్లల్ని ప్రత్యేకంగా పిలిపించారు. హెడ్మాస్టరు గారు మా పేర్లు చెప్పబోతుంటే పెద్దాయన చెయ్యెత్తి ఆపారు.

"మీరు ప్రభావితం చేయరాదు. పిల్లలే చెప్పాలి" అని రోహిణి వైపు తిరిగారు. "అమ్మా, లెక్కల్లో డెబ్భై ఎనిమిది. ఎవరు చెప్పారు నీకు?"

రోహిణి వెనక్కి తిరిగి మమ్మల్ని చూసింది. "ఈల్లేనండి. ఆవిడా, మేస్టార్లిద్దరూ, ఆ పొడుగాయనాను."

పెద్దాయన ఫైలు తెరిచి చూసుకున్నారు. "వీళ్లు ఉపాధ్యాయులు కారమ్మా. ఆమెను తీసుకెళ్లడానికి వీరొచ్చారు, వీరిని తీసుకెళ్లడానికి వారొచ్చారు, అందరినీ తీసుకెళ్లడానికి ఆయన వచ్చారు. ఇక్కడ స్పష్టంగా ఉంది."

"అవునండి. తీసుకెల్లడానికే ఒచ్చినారు" అంది రోహిణి. "ఖాలీగా ఉన్నప్పుడు సెప్పినారు."

పెద్దాయన తల ఊపి పక్కనున్నాయనతో, "స్వయం అభ్యసనం అని రాయండి" అన్నారు.

బృందం జీపెక్కి వెళ్లిపోయింది. కొత్త పదో తరగతిలో ఇరవై ఏడుగురు. అకీనీ డస్టరు తీసుకుని బోర్డు తుడిచింది. తారిణి రావు అటెండెన్సు రిజిస్టరు తెరిచాడు. మొదటి గంట ఎవరిదని హెన్రిక్ అడిగాడు. నాదని చెప్పి, తలుపు చేరవేసి, వాచకం మొదటి పేజీ తీశాను.